జల్లెడ మీద మిగిలిన నాగావళి: ఒక ఫొటో ప్రాజెక్టు కేస్ స్టడీ

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు పర్యావరణం మీద ఎగ్జిబిషన్ పెడుతూ ఫొటోలు ఇమ్మని అడిగారు. నాది పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీసే స్టూడియో. సీజన్ లేనప్పుడు జిల్లాలో తిరిగి నాకు నచ్చినవి తీసుకుంటానని వాళ్ళకి ఎవరో చెప్పారట. వాళ్ళ మనసులో ఏముందో మొదటి మీటింగులోనే అర్థమైంది. కళింగపట్నం లైట్‌హౌస్, తేలినీలాపురం పక్షులు, వాటి పక్కన రెండు చెత్తకుప్పలు. అందమైనవి కొన్ని, అసహ్యమైనవి కొన్ని. పిల్లలు చూస్తారు, "అయ్యో పాపం" అంటారు, క్యాంటీన్‌కి పోతారు. అలాంటి ఎగ్జిబిషన్లకి ఇదివరకు నేనూ ఫొటోలు ఇచ్చాను కాబట్టి ఆ వరస తెలుసు.

నేను అడిగింది ఒకటే. విడి ఫొటోలు వద్దు, జతలు పెడదాం. ప్రతి జతలో ఒక లాండ్‌స్కేప్, ఒక స్టిల్ లైఫ్. లాండ్‌స్కేప్‌లో మన జిల్లాలోని ఒక చోటు, స్టిల్ లైఫ్‌లో ఆ చోటుతో నేరుగా సంబంధం ఉన్న ఒక వస్తువు. వీలైతే ఆ వస్తువు మనం రోజూ ఇంట్లోనో వీధిలోనో చూసేదై ఉండాలి. ఏడు జతలు అనుకున్నాం. చివరికి గోడకెక్కినవి నాలుగు. మిగతావి ఎందుకు ఆగాయో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో సగం తెలివి ఏది తీయకూడదో తేల్చుకోవడంలోనే ఉంది.

జతలే ఎందుకు

మనిషి ప్రకృతిని ఏం చేశాడో చూపించడానికి లాండ్‌స్కేప్ ఒక్కటే చాలదు. క్వారీ తీస్తే క్వారీ ఓనరు గుర్తొస్తాడు, ఇసుక రీచ్ తీస్తే కాంట్రాక్టరు గుర్తొస్తాడు. తప్పు ఎప్పుడూ ఫ్రేములో లేని ఇంకెవరిదో అవుతుంది. చూసేవాడు హాయిగా బయట నిలబడి తీర్పు చెప్పేస్తాడు. స్టిల్ లైఫ్ ఒక్కటే పెట్టినా అంతే. తెల్ల చార్టు మీద ప్లాస్టిక్ సీసా పెట్టి తీస్తే అది విజయనగరంలోదైనా కావచ్చు, వేరే దేశంలోదైనా కావచ్చు. దానికి ఊరు లేదు.

రెండూ పక్కపక్కన పెడితే చూసేవాడి కన్ను అటూ ఇటూ తిరుగుతుంది. ఆ చోటునీ ఈ వస్తువునీ కలిపిన చెయ్యి ఎవరిదని అడగకుండా ఉండలేదు. చాలా జతల్లో ఆ చెయ్యి చూసేవాడిదే. ఈ ప్రాజెక్టు మొత్తానికి నేను పెట్టుకున్న లెక్క అదే.

దీనికి ఒక షరతు ఉంది. వస్తువు నిజంగా ఆ చోటు నుంచే వచ్చిందని నేను రుజువు చూపగలగాలి. బొమ్మకి బాగుంటుందని మార్కెట్లో కొన్న వస్తువుని ఏటి పక్కన పెడితే అది అడ్వర్టైజ్‌మెంట్ అవుతుంది. ఎవరిచ్చారు, ఎక్కడిది, దేనికి వాడారు అన్న మూడు ప్రశ్నలకి జవాబు లేని వస్తువుని లోపలికి రానివ్వలేదు.

నాగావళి, జల్లెడ

అన్నిటికంటే బాగా కుదిరిన జత ఇది. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, తోటపల్లి బ్యారేజీ దాటి, శ్రీకాకుళం ఊరి మధ్య నుంచి పారి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం బ్రిడ్జి మీద నిలబడి చూస్తే నీళ్ళ కంటే ఇసుకే ఎక్కువ. ఆ ఇసుక ఊరికే పడిలేదు. వానాకాలం నీటిని తనలో పట్టి ఉంచి ఎండల్లో ఊటబావులకి అందిస్తుంది. లోతుగా తోడేస్తే ఏటి అడుగు దిగిపోతుంది, దాంతో ఒడ్డునున్న బావుల్లో మట్టం దిగుతుంది, గట్లు జారతాయి, వంతెన పునాదుల చుట్టూ కోత పడుతుంది. వరదొస్తే ఇసుక మళ్ళీ చేరుతుందనేది నిజమే. కానీ పైనున్న బ్యారేజీలు, రిజర్వాయర్లు కొంత ఆపేసుకుంటాయి. కింద తోడే వేగం దాన్ని మించితే ఏరు ఆ లోటు పూడ్చుకోలేదు.

కేంద్ర పర్యావరణ శాఖ 2016 మార్గదర్శకాల్లో మూడు మీటర్లకు మించి తవ్వొద్దని, ఒడ్డు నుంచి ఏటి వెడల్పులో నాలుగో వంతు, తక్కువలో తక్కువ 7.5 మీటర్లు వదిలేయాలని ఉంది. ఐదు హెక్టార్ల లోపు చిన్న తవ్వకాలకి కూడా పర్యావరణ అనుమతి కావాలని 2012లో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో చెప్పింది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి ఉచిత ఇసుక విధానం నడుస్తోంది. ఇవన్నీ ఫొటోలో కనిపించవు. కానీ ఫొటో తీసేవాడికి తెలిసి ఉండాలి. మూడు మీటర్లు అంటే ఎంతో తెలిస్తేనే గుంట అంచు దగ్గర నిలబడి ఏం చూడాలో తెలుస్తుంది.

ముందు ఒక రీచ్ దగ్గరే తీద్దామనుకున్నాను. అక్కడ ట్రాక్టర్లకి కాపలా ఉన్న కుర్రాళ్ళు కెమెరా చూసి చుట్టూ చేరారు. గొడవేమీ కాలేదు, కానీ అలాంటి టెన్షన్లో ఫ్రేము కుదరదు. పైగా రీచ్‌లో తీస్తే మళ్ళీ అదే కథ, మనుషులూ జేసీబీలూ కనిపించి చూసేవాడు వెంటనే దోషిని దొరకబుచ్చుకుంటాడు. అందుకని బ్రిడ్జి మీదకి మారాను.

బ్రిడ్జి మీద నుంచి నిట్టనిలువుగా కిందకి తీశాను. పొద్దున్నే, ఎండ ఎడమ పక్క నుంచి వాలుగా పడుతున్నప్పుడు. ఆ వేళలో ట్రాక్టరు టైరు గాడి ప్రతిదానికీ ఒక నీడ ఉంటుంది. పది దాటితే ఇసుక తెల్ల దుప్పటి పరిచినట్టు అయిపోయి గాళ్ళన్నీ మాయమవుతాయి. ట్రైపాడ్ పనికిరాదు, ఎందుకంటే బస్సు వెళ్ళిన ప్రతిసారీ బ్రిడ్జి అదురుతుంది. మోనోపాడ్‌కి కెమెరా బిగించి రెయిలింగ్ బయటకి చాపి, స్ట్రాప్‌ని ఇనుప కమ్మీకి రెండు ముళ్ళు వేసి, ఫోన్‌తో క్లిక్ చేశాను. 50 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/8, షట్టరు 1/500, ఐ.ఎస్.ఓ. 400. తడి ఇసుక మీద మెరుపు కోసం పోలరైజర్‌ని (మెరుపుని తగ్గించే ఫిల్టరు) సగం దాకే తిప్పాను. పూర్తిగా తిప్పితే గాళ్ళు బాగా తేలతాయి గానీ ఇసుక తడిదన్న సంగతి పోతుంది. తడి కనిపించాలి, అది ఏరని తెలిసేది దానివల్లే.

డ్రోన్ ఎందుకు వాడలేదని స్టూడియోల వాళ్ళు తప్పకుండా అడుగుతారు. నా దగ్గర పెళ్ళిళ్ళకి వాడే డ్రోన్ ఉంది. అంత ఎత్తు నుంచి తీస్తే ఏరు చీర అంచు డిజైనులా తయారవుతుంది, మనిషి అడుగు కనపడదు. బ్రిడ్జి ఎత్తు నుంచి అయితే టైరు గాడి, దాని మీద చెప్పుల గుర్తు, ఆ పక్కనే కొంగ కాళ్ళ గుర్తులు, మూడూ ఒకే ఫ్రేములో పడ్డాయి.

ఇక స్టిల్ లైఫ్. మా వీధి చివర ఇల్లు కడుతున్నారు. ఇసుక జల్లించాక జల్లెడలోంచి దిగనిదంతా ఒక పోగుగా మిగులుతుంది. మేస్త్రీలు దాన్ని పునాది పూడ్చడానికి వాడేస్తారు, లేదంటే రోడ్డు మీద గుంటలో పోస్తారు. ఆ పోగు కావాలని అడిగితే పెద్ద మేస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏటి బాబూ, ఈ సెత్తకి కూడా ఫొటో తీత్తారా?"

"తీస్తాను మేస్త్రీ గారూ. జల్లెడ కూడా ఓ పూట ఇస్తారా?"

"పట్టుకెల్లండి. రేప్పొద్దున్న పనిలోకి అందాల మరి."

ఇసుక ఏ రీచ్‌దో ట్రాక్టరు డ్రైవరునే అడిగి తెలుసుకున్నాను, అతని దగ్గరున్న కాగితంతో సరిచూసుకున్నాను. బ్రిడ్జికి ఎగువనే. జత కుదిరింది.

స్టూడియోకి తెచ్చి చూస్తే ఆ గంపెడు పోగులో ఏరంతా ఉంది. గులకరాళ్ళు సరే. బొటనవేలి గోరంత నత్తగుల్లలు, కొన్నిటికి లోపలి మెలిక ఇంకా తెల్లగా మెరుస్తోంది. విరిగిన ఆల్చిప్పలు. తుంగ వేళ్ళు, ఎండి తాడులా మెలిపడిపోయాయి. ఒక బొగ్గుముక్క. గుట్కా ప్యాకెట్ అంచు ఒకటి, నీలం నైలాన్ పోగు ఒకటి. అన్నిటికంటే నన్ను ఆపింది ఒక ఆకుపచ్చ గాజు ముక్క. ఎవరో స్నానానికో పూజకో దిగినప్పుడు చిట్లిన చేతి గాజు. అంచులు రెండూ నీళ్ళకి అరిగి నున్నగా అయిపోయాయి. గాజు అలా అరగాలంటే ఏటిలో ఎంత దొర్లి ఉండాలో. అది ఇసుకతో పాటు ట్రాక్టరెక్కి, జల్లెడకి తగిలి ఆగిపోయింది. ఆగకపోతే ఏ గోడ ప్లాస్టరింగులోనో ఉండేది.

జల్లెడనే నేపథ్యంగా పెట్టాను. పోగుని దాని మీద పోసి ఒక్కసారి ఊపి వదిలేశాను. స్టిల్ లైఫ్ అంటేనే మనం పేర్చేది. ఎంతవరకు పేర్చవచ్చన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. నేను పెట్టుకున్న గీత ఇది: పోయొచ్చు, ఊపొచ్చు, వేలితో జరపకూడదు. గుట్కా ప్యాకెట్ అంచు ఫ్రేములో ఓ మూలకి పోయింది. మధ్యలోకి తెస్తే బొమ్మ బలంగా ఉండేదని నాకూ తెలుసు. తేలేదు. ఏటిలో అది అంత మోతాదులోనే ఉంది మరి.

వెలుగు విషయంలో మాత్రం గట్టిగా పట్టుబట్టాను. బ్రిడ్జి ఫొటోలో నీడలు కుడి పక్కకి పడ్డాయి కాబట్టి ఇక్కడా అలాగే పడాలి. వెనక గది కిటికీ ఎడమవైపు వచ్చేలా జల్లెడ పెట్టి, కుడివైపు నల్ల చార్టు నిలబెట్టి నీడల్ని చిక్కబరిచాను. మామూలుగా అయితే అక్కడ తెల్ల థర్మోకోల్ పెడతాం. చంటిపిల్లల్ని పై నుంచి తీయడానికి కొన్న అడ్డకమ్మీ స్టాండు ఇక్కడ పనికొచ్చింది. అదే 50 ఎం.ఎం., ఎఫ్/11, ఐ.ఎస్.ఓ. 100, టైమరు. గ్రే కార్డు రెండు చోట్లా పెట్టి తీశాను, ఇసుక రంగు రెండు ప్రింట్లలో ఒకటే రావాలని. రంగులు పెంచడం, స్కై మార్చడం లాంటి పెళ్ళి ఆల్బమ్ తంతులు ఏవీ లేవు.

రెండూ 12×18 అంగుళాల సైజులో పక్కపక్కన పెట్టి, ఐదారడుగుల దూరం నుంచి చూస్తే ఏది ఏరో ఏది జల్లెడో తెలియదు. జల్లెడ గళ్ళు టైరు అచ్చుల్లా, నత్తగుల్లలు బండరాళ్ళలా కనిపిస్తాయి. తెలుసుకోవాలంటే దగ్గరికి రావాల్సిందే. కాలేజీ వరండాలో అందరూ అదే చేశారు, దగ్గరికొచ్చి వంగి చూశారు. మేస్త్రీనీ ట్రాక్టరు డ్రైవరునీ కూడా పిలిచాను. డ్రైవరు చాలాసేపు చూసి అన్న మాట ఇది: "మావు తోలిన ఇసకే బాబూ. మీ స్టూడియో మేడేసినప్పుడు కూడా మావే తోలినాం కదేటి." చుట్టూ ఉన్న పిల్లలు గొల్లుమన్నారు. అతనన్నది నిజమే. ఆ జతకి అంతకంటే మంచి క్యాప్షన్ నేను రాయలేను.

నౌపడ ఉప్పు

నౌపడ ఉప్పు మడుల్లో తీయడం కెమెరాకి పరీక్ష. తెల్లటి ఉప్పు చూసి మీటరు మోసపోతుంది, ఫొటో బూడిద రంగులో వస్తుంది. ఎక్స్‌పోజరుని, అంటే కెమెరాలోకి వచ్చే వెలుగుని, ఒకటి, ఒకటింపావు స్టాపు పెంచి తీయాలి. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో తుడవకపోతే కీళ్ళు పట్టేస్తాయి. బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి.

ఇక్కడ విషయం కొంచెం మెలికగా ఉంది. నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట పోర్టు కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అంతకుముందు దాన్ని భావనపాడు పోర్టు అనేవాళ్ళు. పోర్టంటే రోడ్లు, గట్లు, లారీల కొద్దీ గ్రావెల్. లాండ్‌స్కేప్‌లో ముందు ఉప్పు మడి, నీటిలో ఆకాశం, వెనకాల దిగంతం దగ్గర సన్నటి ఎర్ర గీతలా లారీల దుమ్ము. దిగంతాన్ని ఫ్రేములో బాగా పైకి నెట్టి, మడికే చోటంతా ఇచ్చాను.

అయితే ఉప్పు మడి మాత్రం ప్రకృతా? అది కూడా మనిషి చేసిందే. ఉప్పుటేరు నీటిని గట్లు కట్టి మడుల్లోకి పట్టి ఎండబెట్టడమే కదా ఆ పని. కానీ ఆ గట్ల మధ్య, ఆ ఏటి వెంట కొంగలు, పెలికాన్లు మేత వెతుక్కుంటాయి. తేలినీలాపురం చెట్ల మీద గూళ్ళు పెట్టే పక్షులకి ఈ చిత్తడే తిండి పెడుతుంది. మనిషి మార్చిన నేల అంతా చెడిపోయినట్టే అన్న మాట ఇక్కడ నిలవదు. ఒక వాడకం పక్షులకి చోటిచ్చింది, ఇంకో వాడకం ఆ చోటు ఇస్తుందో లేదో చూడాలి. నా క్యాప్షన్ అక్కడితో ఆగింది.

స్టిల్ లైఫ్‌కి ఒక ఉప్పుగల్లు, పక్కనే గుప్పెడు ఎర్ర గ్రావెల్. గల్లు ఇచ్చినావిడ "ఉప్పుకి ఫొటోలేటి నాయనా, కూరలో ఏసుకోక" అని నవ్వింది. శుద్ధి చెయ్యని ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, అది గాలిలో చెమ్మని లాగుతుంది. మన తీరం గాలికి చెమ్మకేం కొదవ? టేబుల్ మీద పెట్టిన గల్లు నెమ్మదిగా చెమర్చడం మొదలెట్టింది. అడుగున నీటి చెరువు కట్టి, అది పాకి పాకి గ్రావెల్‌ని తాకింది. తాకినంత మేరా ఎరుపు ముదిరి రక్తం రంగుకి వచ్చింది. లైట్లు మార్చకుండా, కెమెరా కదపకుండా అలా చూస్తూ కూర్చుని, ఆ తడి గ్రావెల్ సగం దాకా ఎక్కినప్పుడు తీసిన ఫ్రేముని ఉంచుకున్నాను. ఏసీ వేసి ఉంటే ఈ ఫొటో ఉండేది కాదు.

టెక్కలి రాయి, అందం అనే తలనొప్పి

టెక్కలి చుట్టుపక్కల కొండల్లోంచి వచ్చే నీలిరంగు గ్రానైట్‌కి దేశం బయట కూడా గిరాకీ ఉంది. తీసిన రాయిలో బ్లాకుగా పనికొచ్చేది కొంతే, మిగతాదంతా పక్కన గుట్టలుగా పడుతుంది. ఒక పాత క్వారీ యాజమాన్యం అనుమతి ఇచ్చింది, పేరు రాయొద్దన్న షరతు మీద.

ఇక్కడ సమస్య అందం. డైమండ్ వైరుతో కోసిన గోడలు నిటారుగా, అడుగున పచ్చటి నీళ్ళు. పొద్దుటి వెలుగులో తీసిన మొదటి ఫొటోలు చూసి మా ఆవిడ "ఏ కాశ్మీరండీ ఇది?" అంది. కెనడా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ దశాబ్దాలుగా క్వారీలు, గనులు పెద్ద పెద్ద ప్రింట్లుగా తీస్తున్నాడు. ఆయన మీద వచ్చే విమర్శ కూడా ఇదే, గాయాన్ని మరీ అందంగా చూపిస్తున్నాడని. అందం లేకపోతే జనం ఆగి చూడరు, ఎక్కువైతే చూసి మురిసిపోతారు. దీనికి సూత్రం ఏమీ లేదు. నా మటుకు నేను బంగారు వెలుగుని వదిలేసి, మబ్బు పట్టిన పూట, నీటికి ముందు వ్యర్థం రాళ్ళ గుట్ట అడ్డంగా వచ్చేలా తీశాను. నీళ్ళు కనిపిస్తాయి, కానీ వాటిని చేరాలంటే కన్ను ఆ రాళ్ళు ఎక్కి దిగాలి.

దీని జత మా పిన్ని వంటింట్లో ఉంది. పొయ్యి గట్టుకి వేసిన రాయి టెక్కలిదే, వేసినవాడు మాకు తెలిసినవాడే. గట్టు మీద ఏమీ సర్దలేదు. పసుపు మరక, తడి గ్లాసు వదిలిన గుండ్రటి గుర్తు, కోసిన వంకాయ తొడిమలు. పాలిష్ రాయి అద్దంలా కిటికీని చూపిస్తుంది కాబట్టి కెమెరా వెనక నల్ల దుప్పటి పట్టుకోమని పిన్ని కొడుకుని నిలబెట్టాను. పిన్ని మాత్రం చివరి దాకా "ఉండరా అబ్బాయ్, తుడిచి ఇస్తాను" అంటూనే ఉంది. తుడవనివ్వలేదు.

గోడకెక్కనివి

తిత్లీ తుఫాను మీద ఒక జత ఉండాలని కాలేజీ వాళ్ళు గట్టిగా అడిగారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. అప్పటి ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. చూస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కానీ ఒక తుఫానుని పట్టుకుని ఇది మనిషి పని అని ఫొటోగ్రాఫరు ఎలా చెప్పగలడు? సముద్రం వేడెక్కడానికీ తుఫాన్ల బలానికీ సంబంధం ఉందని శాస్త్రవేత్తలు చెబుతారు, అది వేరే స్థాయి వాదన. పడిపోయిన చెట్టు పక్కన పెట్టడానికి నా దగ్గర నిజాయితీ గల వస్తువు లేదు. పక్కన పెట్టేశాను.

ఉద్దానం కిడ్నీ జబ్బు ఇంకా సున్నితం. పురుగుమందు డబ్బా ఒకటి, నీళ్ళ క్యాను ఒకటి పెట్టి తోటల లాండ్‌స్కేప్ పక్కన తగిలిస్తే జనం బాగా కదిలిపోతారు. జబ్బుకి కారణం ఇదేనని తేలనే లేదు. జత పెట్టడమంటేనే దీనివల్ల అది అని చెప్పడం. మాటల్లో "బహుశా" అనొచ్చు, ఫొటోలో అనలేం. ఇంటింటా డయాలసిస్ బాధ పడుతున్న ఊళ్ళకి ఒక తప్పుడు కారణం అంటగట్టే హక్కు నాకు లేదు.

పొందూరు వాలుగ చేప దవడ పెట్టమని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. పత్తి ఏకడానికి వాడే ఆ దవడ ఎంత అందంగా ఉంటుందో! పెడితే టూరిజం పోస్టర్ అయ్యేది.

తాబేళ్ళ జత మాత్రం గోడకెక్కింది, అది నాలుగోది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లేలు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అదే సమయంలో చచ్చినవి కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. ఫొటోగ్రాఫర్లకి ఒక హెచ్చరిక: డిప్ప, ఎముక, గుడ్డు పెంకు, ఏదీ ఇంటికి తేవొద్దు. 1972 వన్యప్రాణుల సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. దాని శరీర భాగం మీ దగ్గర దొరికితే ఎగ్జిబిషన్ కోసమన్నా కేసు కేసే. కాబట్టి తాబేలు ఒడ్డు మీద ఉన్నచోటే, దూరం నుంచి, పొడవాటి ఇసుక తీరంలో ఒక చిన్న నల్లటి దిబ్బలా ఉంది. స్టిల్ లైఫ్‌లో అదే తీరాన కొట్టుకొచ్చిన తెగిన వల, థర్మోకోల్ బెండు.

ప్రింటు వేయకముందు ఈ జతని భావనపాడు మత్స్యకారులకి చూపించాను. వాళ్ళకి కోపం వచ్చింది. "మా తెప్పల వలలో పడితే తప్పించి నీళ్ళలోకి ఒగ్గేత్తాం. పెద్ద బోట్లు ఈడ్సే వలలో పడితే పైకి రాలేక ఊపిరాడక సస్తాయి. ఈ వల బొమ్మ సూత్తే మావే సంపినట్టుంది" అన్నాడు ఒక పెద్దాయన. న్యాయమైన మాట. తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. ట్రాల్ వలలో గంటల తరబడి ఇరుక్కుంటే ప్రాణం నిలవదు. తప్పించుకునే దారి ఉండే పరికరాన్ని ట్రాల్ వలకి అమర్చొచ్చు, అమర్చినవాళ్ళు ఎంతమందన్నదే ప్రశ్న. క్యాప్షన్‌లో వల ఏ రకానిదో, ఎక్కడ దొరికిందో రాసి, ఆ తాబేలు ఈ వల వల్లే చనిపోయిందని చెప్పడం లేదని విడిగా ఒక వాక్యం చేర్చాను. వాక్యం పొడుగైంది. పోనీ.

ప్రింట్లు, గోడ, ఖర్చు

కాలేజీ వాళ్ళు ఫ్లెక్స్ వేయిద్దాం, చవక అన్నారు. పర్యావరణం మీద ఎగ్జిబిషన్‌కి పీవీసీ ఫ్లెక్సా అని నేను నవ్వితే వాళ్ళూ నవ్వారు, వెంటనే ఒప్పుకున్నారు. మ్యాట్ పేపరు మీద ప్రింట్లు వేసి మందపాటి అట్టకి అతికించాం. గ్లాసీ వేస్తే వరండా వెలుగులో చూసేవాడి మొహమే కనిపిస్తుంది. అట్ట చెమ్మకి కొంచెం వంగింది, ఫ్లెక్సయితే వంగదు. అది భరించాం.

శీర్షిక దగ్గర పేచీ వచ్చింది. వాళ్ళకి "ప్రకృతికి మనిషి చేసిన గాయాలు" లాంటిదేదో కావాలి. ఉప్పు మడి, తాబేలు జతలకి అది అతకదని చెప్పి, చివరికి శీర్షికే లేకుండా ఊళ్ళ పేర్లు మాత్రం పెట్టించాను. క్యాప్షన్లు మాత్రం ఎంత వివరంగా ఉంటే అంత మంచిది: చోటు, నెల, వస్తువు ఇచ్చినవాళ్ళ వృత్తి, దేనికి వాడారు. పేర్లు వద్దు, ఎందుకంటే మేస్త్రీకీ డ్రైవరుకీ రేపు పని కావాలి.

మీలో ఎవరైనా ఇలాంటిది మొదలుపెట్టాలంటే వస్తువు దగ్గర మొదలుపెట్టండి. చోటుతో మొదలుపెడితే మన జిల్లాలో అందమైన చోట్లకి కొరత లేదు, అక్కడే చిక్కుకుపోతారు. వస్తువు చేతిలో ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో అడుక్కుంటూ వెళ్ళొచ్చు. దారిలో దొరికే మనుషులే మీకు సంగతి చెబుతారు.

ఇప్పుడు విజయనగరం వైపు ఒక జత మీద పని నడుస్తోంది. గరివిడి, చీపురుపల్లి ప్రాంతంలో మాంగనీసు తవ్వకాలు 1890ల నాటివి. విద్యార్థుల్లో ఒకమ్మాయి దీనికి టార్చిలైటు సెల్లు పెడదామంది, దానిలోని నల్లపొడిలో మాంగనీసు ఉంటుందని. చదువుకున్న పిల్ల, చెప్పింది నిజమే. కానీ ఈ ఖనిజం ఎక్కువగా వెళ్ళేది ఫెర్రో అల్లాయ్ (ఇనుముతో కలిపిన మిశ్రలోహం) ఫ్యాక్టరీలకి, అక్కడి నుంచి ఉక్కులోకి. కాబట్టి వస్తువుగా స్లాబుకి వాడే కడ్డీ ముక్క అనుకుంటున్నాం. అది ఏ కంపెనీ కడ్డీయో, దానిలోకి ఈ ప్రాంతపు ఫెర్రో అల్లాయ్ వెళ్ళిందో లేదో ఆ అమ్మాయే కనుక్కుంటోంది. రుజువు దొరక్కపోతే ఈ జత కూడా ఆగిపోతుంది. గనుల పక్కన పోసిన వ్యర్థం గుట్టల దగ్గర తీయడానికి అనుమతి అడిగాం. ఆ వైపు వాళ్ళ ఇళ్ళల్లో పాత ఆల్బమ్‌లలో, వెనకాల ఆ గుట్టలు కనిపించే ఫొటోలు ఉంటే నాకు చూపించండి. ఫొటోలో ఏ చెట్టు ఏ గోడకి ఎంత ఎడంగా ఉందో చూసుకుని, సరిగ్గా అక్కడే నిలబడి మళ్ళీ తీస్తాను.